నాయన సైకిలు దిగిన చోట్లు

కొండల మధ్య సందు చేసి పెన్నను నడిపించిన దేవునికి స్తోత్రం. ఎండాకాలం ఏరు ఎండిపోయినా ఇసుక కింద నీళ్ళు దాచిపెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని తవ్వినవాళ్ళకు చెలమలో ఊరించి ఇచ్చే తండ్రికి స్తోత్రం. అరవై దాటిన నా బుర్రలో కూడా ఆ నీళ్ళ మాదిరే కొన్ని సంగతులు ఆరిపోకుండా ఉంచినందుకు ఆయనకే మహిమ. మా చిన్నప్పుడు ఆయనను తలవకుండా పొయ్యి కూడా అంటించేవాళ్ళం కాదు. అందుకని ఈ నాలుగు మాటలూ అట్లాగే మొదలుపెడుతున్నాను.

మొన్న చలికాలంలో ఒక పొద్దున అనంతసాగరంలో మా ఇంటి ముందర నాలుగు సైకిళ్ళు ఆగాయి. గేర్ల సైకిళ్ళు. నెత్తిన గిన్నెలు బోర్లించినట్టు టోపీలు, కళ్ళకు రంగు అద్దాలు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. నెల్లూరు నుంచి వచ్చారంట. పెన్న వెంబడి సోమశిల దాకా పోయి, అక్కడి నుంచి ఉదయగిరి పోయి కొండ మీద కోట చూసి రావాలని వాళ్ళ ఆశ. పనేమీ లేదు, చుట్టాలెవరూ లేరు, ఊరికే చూసుకుంటూ పోవడమేనంట. ఆ మాట నాకు బాగా నచ్చింది. నీళ్ళు ఇచ్చాను. వేయించిన శెనక్కాయలు ఉంటే తలా ఒక దోసెడు జేబుల్లో పోశాను. ఆ అమ్మాయి దారి ఎట్లా ఉంటుందని అడిగింది. చెప్పాను. చెప్పి, నేనూ ఒకటి అడిగాను.

“మధ్యలో యాడాడ దిగుతారు మీరు?”

“ఎక్కడా దిగం ఆంటీ. నేరుగా సోమశిలే.”

నేను అడిగింది ఆ దిగడం కాదు. వేరే దిగడం ఒకటి ఉండేదని ఆ బిడ్డకు తెలియదు. తెలియనందుకు మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. వాళ్ళు అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటుంటే, నా ప్రాణం మాత్రం ఇదే దారిన వెనక్కి పోయి, మా నాయన సైకిలు ముందు కమ్మీ మీద కూర్చుంది.

మా నాయన ఉపదేశి. పగలు మా పాలెంలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, సాయంత్రం పెద్దలకు వాక్యం చెప్పేవాడు. ఆత్మకూరుకు కొంచెం ఎడంగా, కాలవ అవతల ఉండేది మా పాలెం. పెద్ద అయ్యగారు నెల్లూరు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చి బాప్తిస్మాలు ఇచ్చి పోయేవారు. మిగతా రోజులన్నీ ఆ చుట్టుపక్కల విశ్వాసులకు మా నాయనే దిక్కు. ఎండాకాలం బడికి సెలవులు ఇవ్వగానే ఆయన సైకిలు తుడిచి, పెన్న వెంబడి ఉన్న చిన్న చిన్న సంఘాలన్నీ చూసి వచ్చేవాడు. సంఘం అంటే ఒకచోట ఐదిళ్ళు, ఇంకొకచోట రెండే ఇళ్ళు. రోగంతో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేసేవాడు, కొత్త పాట ఒకటి నేర్పించేవాడు, ఈ ఊరి క్షేమ సమాచారాలు ఆ ఊళ్ళో చెప్పేవాడు.

ఆ సైకిలు బదిలీ మీద పోతూ ఒక అయ్యగారు వదిలిపోయింది. పచ్చరంగుది. ఏనుగంత బరువు. దానికి ఇత్తడి గంట ఉండేది. మా అమ్మ చెంబులు తోమేటప్పుడు ఆ గంటను కూడా చింతపండు పెట్టి తోమేది. అది మోగితే రెండిళ్ళ అవతల నిద్రపోయే పిల్లి లేచి పోయేది.

ప్రతి ఏడూ నాయన వెంట మా అన్న పోయేవాడు. ఆ ఏడు వాడికి గవదబిళ్ళలు వచ్చి చెంపలు రెండూ పూరీల మాదిరి పొంగాయి. నా కోసమే దేవుడు వాడికి ఆ జబ్బు పంపాడని నేను లోపల సంతోషపడ్డాను. ఆ పాపాన్ని తర్వాత ఒప్పుకున్నాను కాబట్టి ఇక్కడ రాయడానికి సిగ్గు లేదు. అమ్మ సజ్జరొట్టెలు కాల్చి, ఎర్రగడ్డ, చింతపండు, ఎండుమిరపకాయ నూరిన కారం తామరాకులో పొట్లం కట్టింది. కమ్మీ మీద పాత దుప్పటి ముక్క చుట్టింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో.

“దీని ప్రశ్నలకు నువ్వు తట్టుకుంటావా?” అని అమ్మ నాయనను అడిగింది.

అది నిజమే. నేను కనబడినదాన్నల్లా ఎందుకని అడిగే పిల్లను. అందుకని నాయన బయలుదేరే ముందే ఒక నియమం పెట్టాడు. ఊరికి మూడే ప్రశ్నలు. వాటికి మాత్రం తప్పకుండా జవాబు చెప్తాడు. నాలుగోది అడిగితే పాట పాడాలి. దారిలో ఆ లెక్కన నేను చాలా పాటలు పాడాను.

నాయన సైకిలు ఎంత నిదానంగా తొక్కేవాడంటే, మాతో పాటు నడిచి వచ్చేవాళ్ళు మాట్లాడుకుంటూనే వచ్చేవాళ్ళు. ఎవరైనా తాటిచెట్టు కింద ముంజలు కొడుతుంటే ఆగేవాడు. ఏ పిట్ట అయినా కొత్తగా కూస్తే ఆగేవాడు. పెన్నలో ఇసుక మీద పుచ్చతీగలు పాకి ఉండేవి. ఎండు గడ్డితో వేసిన చిన్న గుడిసెలో ఒక ముసలాయన కాపలా ఉండి, పగిలిపోయిన కాయ ఒకటి చేతికి ఇచ్చి, “పందికొక్కు తినింది పోను మిగిలింది మీదే, తినండి,” అన్నాడు. ఎండకు కాలిన ఇసుక వాసన, పుచ్చకాయ వాసన కలిసి వస్తే ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను. ఇప్పటికీ పుచ్చకాయ కోస్తే నాకు ముందు ఇసుక వాసనే వస్తుంది. దప్పికైతే ఏట్లోకి దిగి చెలమ తవ్వేవాళ్ళం. మొదట మట్టి నీళ్ళు. వాటిని దోసిట్లో తోడి పోసి కాసేపు ఊరుకుంటే, అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటి కనబడేంత తేట నీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. “మనం రాకముందు నుంచీ అక్కడే ఉండాయమ్మా,” అన్నాడు. అదొక ప్రశ్న కింద పోయింది.

నాకు ఆశ్చర్యంగా తోచింది ఇంకొకటి. రోడ్డు మీద అంత హాయిగా తొక్కే మా నాయన, ఊరు వచ్చేసరికి సైకిలు దిగేవాడు. ఊరి మొదట్లో, మొదటి ఇల్లు ఇంకా పది బారల దూరం ఉండగానే దిగి, నన్ను కూడా దించేవాడు. కాళ్ళ చెప్పులు విడిచి హ్యాండిలుకు తగిలించేవాడు. భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. తల కొంచెం వంచి సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. ఎడమ చెయ్యి గంట మీద పెట్టి, రాళ్ళకు ఎగిరినప్పుడు కూడా అది మోగకుండా అదిమి పట్టేవాడు. ఊరు దాటి, చివరి దిబ్బ పోయాక మళ్ళీ చెప్పులు, మళ్ళీ తువ్వాలు, మళ్ళీ కమ్మీ మీద నేను.

మొదటి ఊళ్ళో ఎందుకని అడిగాను. కోళ్ళూ పిల్లలూ అడ్డం వస్తారని చెప్పాడు. వీధిలో చూస్తే ఒక కోడీ లేదు. రెండో ఊళ్ళో అడిగితే కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందన్నాడు. మూడో ఊళ్ళో టైర్లో గాలి తక్కువుందన్నాడు. నేను వెనకబడి నడుస్తూ బొటనవేలితో వెనక టైరు వత్తి చూశాను. రాయి మాదిరి ఉంది.

మా నాయన అబద్ధం చెప్పడు. బళ్ళో మాకు ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. కాబట్టి ఈ జవాబుల వెనక ఏదో పెద్ద సంగతి ఉందని, దాన్ని నేనే కనిపెట్టాలని అనుకున్నాను. కనిపెట్టాను కూడా. ఆదివారం బళ్ళో ఆయనే చెప్పిన కథ ఒకటుంది. గొర్రెలు మేపుకునే ఒకాయనకు అడవిలో పొద మండుతూ కనిపిస్తుంది. మండుతుంది కానీ కాలదు. దగ్గరికి పోబోతే, నువ్వు నిలబడిన చోటు పరిశుద్ధమైనది, చెప్పులు విడువు అని దేవుడు ఆపుతాడు. ఇంకేముంది. చెప్పులు విడవడం, తల వంచడం, తువ్వాలు తీయడం. ఈ ఊళ్ళన్నీ దేవుడు దిగిన చోట్లు. నాయనకు తెలుసు, నాకు చెప్పడం లేదు.

అప్పటి నుంచి ఏ ఊరు వచ్చినా నా కళ్ళు పొదల మీదే. కంప చెట్లు, ఉమ్మెత్త మొక్కలు, తంగేడు, అన్నీ చూశాను. ఒక దిబ్బలో పొగ కనిపిస్తే అటు పరిగెత్తాను. ఎవరో చెత్త కాలబెడుతున్నారు. నాకు అర్థం కానిది ఒక్కటే మిగిలింది. ఆ ఊళ్ళల్లో ఒకచోట ఒక కుర్రాయన, మా అన్న కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, మా నాయనను “ఏరా పంతులా, ఎండకు బయలుదేరినావా,” అని పలకరించాడు. నాయన వాడితో “అవును సామీ” అన్నాడు. దేవుడి చోట్లో అందరూ తగ్గి మాట్లాడతారు కాబోలు, ఆ కుర్రాయన మరిచిపోయాడు కాబోలు అనుకున్నాను.

సోమశిల కొండలు దగ్గరపడుతుండగా వచ్చే ఒక ఊరు సంగతి ఇప్పుడు చెప్పాలి. దాని పేరు రాయను. ఆ ఊళ్ళో మావాళ్ళవి ఆరిళ్ళు. ప్రార్థనకు నీడ లేదు. వానొస్తే ఎవరో ఒకరి పంచలో ముడుచుకుని కూర్చునేవాళ్ళు, అది కూడా పాట గట్టిగా పాడకుండా. ఊరి చివర దారి పక్కన ఒక చిన్న బీడు ముక్క ఉండేది. అక్కడ తాటాకుల పాక వేసుకుంటామని రెండేళ్ళుగా నాయన ఊరి పెద్దను అడుగుతున్నాడు. ఈసారి వచ్చినప్పుడు మాట చెప్తానన్నాడంట ఆయన. నాయన దారి పొడుగునా ఆ పాక సంగతే చెప్పాడు. ఎన్ని గుంజలు కావాలి, తలుపు ఎటు పెట్టాలి, మబ్బు పట్టిన రోజు కూడా వాక్యం చదువుకునేంత వెలుగు రావాలంటే గోడ ఎంత ఎత్తు ఉండాలి. ఆ ఊళ్ళో మూర్ఛ జబ్బున్న ఒక చిన్నపిల్ల ఉంది. వానలో ప్రార్థన చెదిరిపోయిన రోజున ఆ పిల్ల తల్లి ఏడ్చిందంట. ఆమెకు పాక చూపించాలని నాయన ఆశ.

ఆ ఊరికి ఇంకా కొంచెం దూరం ఉండగా నేను కాలు పోగొట్టుకున్నంత పని చేశాను. చెరువు కట్ట మీద నెమలి కనిపించింది. దాని తోక చూద్దామని వెనక్కి తిరిగి వంగాను. మడమ ముందు చక్రం పుల్లల్లో పడింది. చర్మం లేచిపోయి తెల్లగా కనబడి, తర్వాత నెత్తురు నిండింది. నాయన గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండి, తన తువ్వాలు అంచు చించి కట్టు కట్టాడు. పాదం నేల మీద మోపలేకపోయాను.

ఊరి మొదట్లో ఆయన ఎప్పటి మాదిరే దిగాడు, చెప్పులు విడిచాడు. నన్ను చంకన ఎత్తుకుని ఒక చేత్తో సైకిలు తొయ్యబోయాడు. మూటలతో ఉన్న బరువు సైకిలు పక్కకు పడిపోయింది. రెండోసారీ పడిపోయింది. అప్పుడు నన్ను ఎత్తి సీటు మీద కూర్చోబెట్టి, “గట్టిగా పట్టుకో,” అని మాత్రం చెప్పి, తోసుకుంటూ వీధిలోకి నడిచాడు. ఒక చెయ్యి నా వీపుకు ఆనించాల్సి వచ్చింది కాబట్టి గంట మీద ఆయన చెయ్యి లేదు.

సీటు మీద నుంచి ఆ వీధి ఎంత కొత్తగా ఉందో. అరుగుల మీద ఎండబెట్టిన వడియాలు, పెరట్లో కట్టేసిన ఎద్దులు, గోడల మీద పిడకలు, అన్నీ నా కంటే కింద ఉన్నాయి. నా చేతి కిందే గంట. గంట కొట్టొద్దని నాయన ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నేను ఎందుకని అడుగుతానని భయపడి ఉంటాడు. మా పాలెం ప్రార్థన ఇంట్లో రైలు పట్టా ముక్క వేలాడగట్టి ఉంటుంది. దేవుని ముందు కూర్చోబోయే ముందు దాన్ని మోగించాలి. ఇంత పరిశుద్ధమైన చోట నాయన ఒక్కచోట కూడా గంట కొట్టలేదే అనుకున్నాను. మరిచిపోయినట్టున్నాడు.

కొట్టాను. రెండు సార్లు.

నాయన చెయ్యి బిగుసుకోవడం నా వీపుకు తెలిసింది. సైకిలు ఆగిపోయింది. ఎడమ వైపు అరుగు మీద నులకమంచంలో పడుకుని ఉన్న మనిషి లేచి కూర్చున్నాడు. ఆయనే ఊరి పెద్ద. వయసులో నాయన కంటే చిన్నవాడే.

“ఏరా పంతులా, సవారీ చేస్తా ఉండావే.”

“సవారీ కాదు సామీ. బిడ్డ కాలు చక్రంలో పడింది. నడవలేదు.”

“నడవకపోతే ఎత్తుకో. గంట యాల కొట్టినావు?”

“నేను కొట్టినా,” అన్నాను. తప్పు నాయన మీద పడుతుంటే ఊరుకోలేకపోయాను.

ఆయన నా వైపు అప్పుడే చూశాడు. “యాల కొట్టినావు మే?”

“ఇక్కడ దేవుడుండాడు గదా, అందుకని. ఊరు రాంగానే నాయన దిగినాడు, చెప్పులిడిచినాడు, తువ్వాలు తీసినాడు. దేవుడుండే తావులో అట్లా చేస్తారు. మా ప్రార్థన ఇంట్లో అయితే ముందు గంట కొడతారు. నాయన మరిచిపోయినాడని నేను కొట్టినా.”

ఎదురింట్లో విసురురాయి ఆగిపోయింది. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఊరి పెద్ద ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయినట్టు నిలబడింది.

“ఏందిరా ఇది? బిడ్డకు ఇట్లా చెప్పిపెట్టినావా?”

“నేనేమీ చెప్పలేదు సామీ,” అన్నాడు నాయన. “చెప్పను నాకు నోరు రాలా. అది చూసి, అదే అనుకునింది.”

లోపలి నుంచి ఆయన తల్లి వచ్చింది. తెల్ల చీర, బోడి మెడ, చేతిలో బెల్లం ముక్క. నా కట్టు వైపు చూసింది. “నెత్తురు కారతా ఉండాదిరా దానికి. పోనీ,” అంది. అరుగు దిగకుండానే బెల్లం నా ఒళ్ళోకి విసిరింది. సరిగ్గా ఒళ్ళోనే పడింది. ఆమెకు ఆ గురి ఎట్లా వచ్చిందో అని నేను అప్పుడు ఆశ్చర్యపోయాను. అన్నేళ్ళుగా విసిరే చెయ్యి అని ఇప్పుడు తెలుసు. ఆ బెల్లం తియ్యగానే ఉంది, అది కూడా నిజమే.

నాయన సైకిలు తొయ్యబోతుంటే ఊరి పెద్ద వెనక నుంచి అన్నాడు: “ఆ స్థలం సంగతి మరిచిపో. ఊరంతా మీకు దేవుని తావేనంట గదా. ఇంకా వేరే తావు యాలరా మీకు?”

రెండేళ్ళ పాక ఆ ఒక్క మాటతో పడిపోయింది. పడగొట్టింది నేను.

నాయన మావాళ్ళ ఇళ్ళకు పోలేదు. నేరుగా ఏట్లోకి దిగాడు. ఇసుకలో సైకిలు పడుకోబెట్టి, నన్ను దించి, చెలమ తవ్వాడు. తేట నీళ్ళు ఊరేదాకా పక్కనే కూర్చున్నాం. అప్పుడాయన కట్టు విప్పి, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, దోసిళ్ళతో నీళ్ళు పోసి కడిగాడు. ప్రభువు తన శిష్యుల పాదాలు అట్లా కడిగిన కథ కూడా ఆదివారం బళ్ళో ఆయన చెప్పిందే. ఎవరు ఎవరి ముందు వంగారో నాకు తెలుసు. అందుకే నాకు భయమేసింది.

“అమ్మా, ఊరికొక అబద్ధం చెప్పినా నీకు,” అన్నాడు. “కోళ్ళు లేవు. నడుము నొప్పి లేదు. టైర్లో గాలి గట్టిగానే ఉండాది.”

“తెలుసు నాయనా. వత్తి చూసినా.”

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అంతా చెప్పాడు. మన పాలెం మనుషులు ఆ వీధుల్లో సైకిలెక్కి పోకూడదని, చెప్పులు తొడగకూడదని, భుజాన బట్ట ఉండకూడదని. మా తాత కాలం నుంచీ అంతేనని. ఇది దేవుడు పెట్టింది కాదని, మనుషులు పెట్టుకున్నదని. నేను పొదల కోసం వెతికానని చెబితే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నాకు ఆ ఊరి ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. “మరి నువ్వు యాల దిగతావు?” అని అడిగాను.

నాయన కట్టు గుడ్డ నీళ్ళలో జాడించి పిండుతూ చెప్పాడు. “నేను ఎక్కిపోతే నాకేమీ కాదు. ముందూరికి పోతా. రేపు ఇక్కడుండే మనోళ్ళకు కూలి ఉండదు. వాళ్ళ కోసరం దిగినా. అది నిజం. భయపడి కూడా దిగినా. అదీ నిజమే.” మళ్ళీ కట్టు కడుతూ అన్నాడు: “నాకు దిగే అలవాటు అయిపోయింది. నీకు ఆ అలవాటు చెయ్యను.”

సాయంత్రం మావాళ్ళ ఇళ్ళ దగ్గర నాయన జరిగిందంతా చెప్పి, స్థలం పోయినందుకు క్షమించమని అడిగాడు. నేను ఆయన వెనక దాక్కున్నాను. అక్కడ ఒక అవ్వ ఉండేది. పొగాకు నమిలే నోరు, మాట సూటిగా వచ్చే నోరు. “ఏంది పంతులయ్యా, క్షమించేది?” అంది. “ఊరంతా దేవుని తావేనని ఆయన నోటితోనే పలికినాడు గదా. మనం రెండేళ్ళు అడిగినా అంత స్థలం అడగలా. పాండి ఇసకలోకి.”

అందరూ నవ్వారు. నవ్వుతూనే చాపలు తీసుకుని ఏట్లోకి దిగారు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. ఇసుక వేడి చాపలోంచి తెలుస్తోంది. మూర్ఛ జబ్బు పిల్ల నా పక్కనే కూర్చుని నా కట్టు మీద వేలు పెట్టి, నొప్పా అని అడిగింది. ఊరికి వినబడుతుందేమో అనే భయం లేకుండా వాళ్ళు పాట పాడడం నేను అప్పుడే విన్నాను. గోడలు లేని చోట పాట ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. అవతలి గట్టు మీద గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు మాత్రం ఆగి విన్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, వరదొచ్చిన రోజులు తప్ప, ఆ సంఘం ఇసుకలోనే కూడింది. ఇప్పుడక్కడ సిమెంటు మందిరం ఉంది. గంట కూడా ఉంది.

పెన్న వదిలి ఉత్తరంగా, ఎర్రనేలల మీదుగా ఉదయగిరికి పోయేదాకా ఇంకా కొన్ని ఊళ్ళు వచ్చాయి. ప్రతి ఊరి మొదట్లో నాయన దిగాడు, చెప్పులు విడిచాడు. నన్ను దించలేదు. ఒకచోట దించమని ఎవరో కేక వేశారు. నాయన చెవిటివాడి మాదిరి తోసుకుంటూనే పోయాడు. మా వెనక ఒక మట్టిపెళ్ళ పడింది, అంతే. కాలు నయమైపోయిందని నేను చెప్పినా, “కూర్చో,” అన్నాడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒక సాయిబు నాయనకు స్నేహితుడు. ఇంటి ముందరంతా పచ్చి చెక్క వాసన, చెక్కపొట్టు కాళ్ళ కింద మెత్తగా. ఆయన తన గ్లాసు కడిగి అదే గ్లాసులో నాయనకు టీ పోసి చేతికి ఇచ్చాడు. నేను ఆ గ్లాసు వైపే చూస్తున్నానని గమనించి, నాకు పిల్లలు ఆడుకునే చిన్న గరిటె ఒకటి ఇచ్చాడు.

ఆ ఇంటికి పోయే ముందు జరిగింది చెప్పడం మరిచాను. ఉదయగిరి బజారు మొదట్లో, నాయన దిగుతాడని నేను ఆయన చెప్పుల వైపు చూశాను. ఆయన దిగలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. జనం మధ్యలో, ఎద్దుబండ్ల మధ్యలో, కొండ మీద కోట గోడలు చూస్తుండగా, మేమిద్దరం సైకిలు మీదే పోతున్నాం. అంత పెద్ద ఊళ్ళో ఆ కట్టుబాటు లేదు, ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు.

“కొట్టమ్మా గంట,” అన్నాడు.

నా చెయ్యి లేవలేదు. అంత ఇష్టమైన గంట, అంత దగ్గరగా ఉంది, వేలు ముందుకు పోలేదు. నాలుగు రోజుల కిందటి దాకా నాకు ఆ భయం లేదు. ఒక్క వీధిలో, ఒక్క పూటలో నేర్చుకున్నాను. నాయనకు అర్థమైంది. తన బొటనవేలు నా వేలి మీద పెట్టి నొక్కాడు. బజారు చివరిదాకా కొట్టించాడు. ఒక శెట్టి అంగట్లోంచి తల బయటపెట్టి, “ఏం పంతులూ, పెళ్ళి ఊరేగింపా?” అని నవ్వాడు. చివరికొచ్చేసరికి నా వేలి మీద ఆయన వేలు లేదు. ఎప్పుడు తీశాడో నాకు తెలియదు.

నాయన ప్రభువులో నిద్రించి చాలా ఏళ్ళయింది. సైకిలు ఏమైందో ఎవరికీ గుర్తులేదు. అరుగు మీద పిల్లలు శెనక్కాయ పొట్టు దులుపుకుని లేచారు. వాళ్ళు పోయేది ఆ ఊరి మీదుగానే. నేను ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, ముందు ఒక చెరువు కట్ట వస్తుంది, అది దాటితే ఊరు, ఆ వీధిలో నా కోసం ఒక్కసారి గంట కొట్టి పొమ్మని అడిగాను.

“మా సైకిళ్ళకు గంటలుండవు ఆంటీ,” అంది. ఎందుకని మాత్రం అడగలేదు. నా ముఖంలో ఏం చూసిందో, “అరుస్తాలే,” అంది.

మలుపు దాకా నిదానంగా పోయి, అక్కడ వెనక్కి తిరిగి, నోటితోనే ట్రింగ్ ట్రింగ్ అని అరిచి, నవ్వుతూ కనుమరుగైంది.

ఇది చదివే సోదరీ, సోదరుడా, ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. ఆ నలుగురు పిల్లలూ క్షేమంగా ఇళ్ళకు చేరాలని అడుగుదాం. ఏ బిడ్డా తన తండ్రి భయాన్ని భక్తి అనుకునే అవసరం ఇంకెక్కడా రాకూడదని అడుగుదాం. బెల్లం విసిరిన ఆ తల్లి కోసం, ఆమె కొడుకు కోసం కూడా. మా నాయన ఉంటే వాళ్ళ పేర్లే ముందు చెప్పేవాడు. ఆమేన్ మాత్రం గట్టిగా చెప్పండి, ఇసుకలో చెప్పినట్టు.